ఉప సర్పంచ్ ఎవరయ్యారో చూశారా?

(పంచాయతీ ఎన్నికల ఫలితాల మీద భద్రాచలంలో దళిత, ఆదివాసీ కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు నుంచి పొద్దున బస్సుకే వచ్చారు మీరంతా. ఎటపాక, కూనవరం నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మీకు ఈసారి ఓట్లు లేవు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను అటు కలిపేశారు గనక మీ పంచాయతీ ఓట్లు 2021 ఫిబ్రవరిలోనే పడ్డాయి. అయినా లేచి పోకండి. రాష్ట్రాలు రెండైనా ఏజెన్సీ ఒకటే, పెసా చట్టమూ ఒకటే, మన మెడ మీద కాడి కూడా ఒకటే.

2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా తెలంగాణలో పంచాయతీ ఓట్లు పడ్డాయి. మర్నాడు పేపర్లు చూశారు కదా! ఫలానా పార్టీ బలపరచిన వాళ్ళు ఇన్ని, ఇంకో పార్టీ బలపరచిన వాళ్ళు ఇన్ని అని క్రికెట్ స్కోరు వేసినట్టు వేశారు. చట్టం ప్రకారం ఇవి పార్టీల్లేని ఎన్నికలు. ఉంగరం, కత్తెర లాంటి గుర్తుల మీద జరిగినవి. కానీ లెక్క మాత్రం పార్టీలదే. ఆ లెక్కలో మన వాడ ఎక్కడుంది? మన గూడెం ఎక్కడుంది? పార్టీ కండువా ఏ రంగుదో రాశారు గానీ, పంచాయతీ బీరువా తాళం ఎవరి మొలతాడుకు కట్టి ఉందో ఒక్క పేపరన్నా రాసిందా?

మేం బడిపంతుళ్ళం. ఎవరికి ఓటెయ్యాలో చెప్పే హక్కు మాకు లేదు, చెప్పం కూడా. కానీ ఓట్ల పెట్టెలు మోసింది మేం. సర్పంచ్‌ది గులాబీ కాగితం, వార్డుది తెల్ల కాగితం, రెండూ విడదీసి పాతికేసి కట్టలు కట్టింది మేం. ఇప్పుడు ఎన్నిక అయిపోయింది. అయిపోయిన ఎన్నికను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవటం ఎలాగో చెప్పటం మా వృత్తి. ఇవాళ ఆ పనే చేస్తాం.

ఓట్ల రోజు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు పోలింగు ఆగింది. రెండింటికి లెక్కింపు. చీకటి పడేలోపు చాలా ఊళ్ళలో సర్పంచ్ ఎవరో తేలిపోయింది. వెంటనే పూలదండ, రంగు, టపాకాయలు, డప్పు. ఊరంతా ఆ డప్పు వెంట పోయింది. డప్పు కొట్టేది కూడా మనోళ్ళే కదా, వాళ్ళూ పోయారు. అప్పుడు బడి గదిలో లైటు కింద ఇంకో ఎన్నిక జరిగింది. గెలిచిన వార్డు సభ్యులను కూచోబెట్టి, చేతులెత్తించి, ఉప సర్పంచ్‌ను ఎన్నుకున్నారు. పది నిమిషాల పని. చూడటానికి ఎవరూ లేరు. బయట మాత్రం రెండు కార్లు ఆగి ఉన్నాయి.

ఆ కార్లు ఎవరివి? డప్పు దగ్గరకు పోకుండా బడి దగ్గర ఎందుకు ఆగాయి?

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఐదేళ్ళకోసారి పంచాయతీ ఎన్నికలు జరగాల్సిందే అంది, దళితులకూ ఆదివాసీలకూ ఆడవాళ్ళకూ సీట్లు కేటాయించాల్సిందే అంది. అయితే ఆ సవరణ ఐదో షెడ్యూలు ప్రాంతాలకు, అంటే మన ఏజెన్సీకి, దానంతటదే వర్తించదు. అందుకని భూరియా కమిటీ వేసి, ఆ సిఫార్సుల మీద 1996 డిసెంబర్‌లో పెసా చట్టం తెచ్చారు. ఆ చట్టం ఏమందంటే, ఏజెన్సీ పంచాయతీల్లో సగానికి తగ్గకుండా సీట్లు ఆదివాసీలవి, అధ్యక్ష స్థానాలు మొత్తానికి మొత్తం ఆదివాసీలవే. దీని మీద గిరిజనేతరులు జార్ఖండ్‌లో వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ఈ రిజర్వేషను చెల్లుతుందని తీర్పిచ్చింది. కోర్టులో ఇక దారి లేదని తేలింది.

ముందు తలుపు మూసేస్తే పెరటి గోడ ఎక్కడం వాళ్ళకు తెలియదా? అధ్యక్ష స్థానం అంటే సర్పంచ్ కుర్చీ. ఉప సర్పంచ్ కుర్చీకి ఆ కట్టుబాటు లేదు. వార్డు గెలిచిన వాళ్ళల్లో ఎవరైనా కావచ్చు. ఆ కుర్చీకి ఒకప్పుడు పెద్ద విలువ లేదు. సర్పంచ్ ఊళ్ళో లేనప్పుడు మీటింగు నడిపే మనిషి, అంతే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చాక సంగతి మారింది. పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ సంతకం ఒక్కటే చాలదు, ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని ఆ చట్టం పెట్టింది. 2019లో గెలిచిన వాళ్ళు ఆ పద్ధతిలోనే నడిచారు. మైదానం ఊళ్ళలో దీన్ని అవినీతికి అడ్డుకట్ట అన్నారు. అక్కడ అయ్యుండొచ్చు. ఏజెన్సీలో మాత్రం ఇది పెసా చట్టం ఆదివాసీ చేతికిచ్చిన కలాన్ని సగానికి విరిచి, ఆ సగాన్ని షాపు యజమానికీ కంట్రాక్టరుకూ ఇచ్చినట్టయింది. రాసినవాళ్ళు కావాలని రాశారో, ఏజెన్సీ ఒకటుందని మరిచిపోయి రాశారో వాళ్ళకే తెలియాలి. దెబ్బ తగిలినవాడికి రెండూ ఒకటే.

పోయిన విడత ముచ్చట ఒకటి చెప్తాం. ఊరి పేరొద్దు, మనిషి పేరొద్దు. సర్పంచ్ కోయ ఆడమనిషి, ఏడో తరగతి దాకా చదువుకుంది. ఉప సర్పంచ్ ఎరువుల దుకాణం ఆసామి. ప్రభుత్వం వరసపెట్టి పనులు చెప్పింది. ట్రాక్టరు కొనమంది, శ్మశానంలో వైకుంఠధామం కట్టమంది, చెత్తకు డంపింగ్ యార్డు, చెట్లకు ప్రకృతి వనం అంది. ముందు పని చెయ్యి, బిల్లు తర్వాత వస్తుంది. చెయ్యకపోతే సస్పెండు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. మరి ఆమె దగ్గర పెట్టుబడి ఎక్కడిది? ఇటుక, సిమెంటు, కూలి డబ్బు అన్నీ ఉప సర్పంచే సర్దాడు, నూటికి ఇంత అని వడ్డీ కట్టుకుని. బిల్లు వచ్చిన రోజు చెక్కు రాసింది కార్యదర్శి, సంతకాలు పెట్టింది ఇద్దరు, డబ్బు పోయింది ఒక్కడింటికి. ఆమె మాతో అన్నమాట ఇది: "సారూ, నేను సర్పంచ్‌నని బోర్డు మీద ఉంది. ఆయనింట్లో నేను బాకీదారుని." 

ఇది ఆమె ఒక్కతి బాధ కాదు. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసి దిగిపోయిన సర్పంచులు, అన్ని కులాల వాళ్ళూ, పెండింగు బిల్లుల కోసం హైదరాబాదు దాకా పోయి ధర్నాలు చేసిన సంగతి మీకు తెలుసు. భూమీ పుట్రా ఉన్నవాడు అమ్మి తీర్చుకుంటాడు. లేనోడు ఎవరికి బానిసవుతాడో ఆలోచించండి. 2021 నుంచి సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్ళకు లెక్కేస్తే 3,90,000. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదని ఎన్నికల సంఘం నియమం. మీ ఊళ్ళో ఎంత ఖర్చయిందో మీకు తెలుసు, మేం చెప్పక్కర్లేదు. ఆ డబ్బు ఎవరు పెట్టారో వాళ్ళే రాబట్టుకుంటారు. ఇసుక రీచ్ మీదనా, రోడ్డు పని మీదనా, తునికాకు కల్లం మీదనా, ఏదో ఒకదాని మీద. ఇసుక సొసైటీలు ఆదివాసీల పేరు మీద ఉండి, లారీలు, యంత్రాలు ఎవరి పేరు మీద ఉంటాయో గోదావరి ఒడ్డున ఉన్న మనకు ఒకరు చెప్పాలా?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మాల మాదిగల సంగతి. చాలామంది మనోళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు. "పంతులూ, సర్పంచ్ కోయోళ్ళకే, భూమి కోయోళ్ళకే, మేం ఈ ఊళ్ళో మూడు తరాల నుంచి ఉన్నం, మాకేముంది?" అని. ఈ ప్రశ్న అబద్ధం కాదు. దీన్ని చులకన చేసినవాళ్ళకు ఏజెన్సీ దళితుడి బతుకు తెలియదు. 1959 భూ బదలాయింపు చట్టం, 1970లో దానికి చేసిన సవరణ, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, దాని ప్రకారం ఏజెన్సీలో భూమి ఆదివాసీ కానివాడి పేరు మీదకు పోకూడదు. మంచి చట్టం. అది లేకపోతే ఈ అడవిలో కోయవాడికి గోచీగుడ్డంత నేల కూడా మిగిలేది కాదు. కానీ ఆ చట్టం కళ్ళకు వెయ్యి ఎకరాలు ఆక్రమించిన ఆసామీ, గుడిసె వేసుకున్న మాదిగోడూ ఇద్దరూ గిరిజనేతరులే. పోడు పట్టాల దగ్గరా అంతే. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీ కానివాళ్ళు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, ఆ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు రుజువు చూపాలి. చదువు రానివ్వని కులానికి 75 ఏళ్ళ కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ మంట మీద నెయ్యి పొయ్యటానికి ఒకడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. "మనం గిరిజనేతరులం అందరం ఒక్కటి కావాలి" అంటాడు. కోస్తా నుంచి వచ్చి, అడవి కొట్టి, పొగాకూ మిర్చీ వేసి, మిద్దె కట్టినవాడు మన వాడకొచ్చి అంటాడు ఆ మాట. అరే, నిన్నటిదాకా మనం ఒక్కటి కాదే! నీ ఇంటి ముందు చెప్పులేసుకుని నడిచిన రోజున మేం గిరిజనేతరులం కాదే, మాదిగోళ్ళమే! నీ పొలంలో కూలి పెంచమన్న రోజున మాలోళ్ళకు పొగరెక్కింది అన్నావే! కారంచేడులో 1985 జులైలో మనవాళ్ళను తరిమి తరిమి చంపినప్పుడు, 1991 ఆగస్టులో చుండూరులో గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినప్పుడు ఈ 'మనం' అనే మాట ఎక్కడికి పోయింది? గిరిజనేతరుడు అనే మాట ప్రభుత్వం కాగితాల కోసం పుట్టించిన గోనెసంచి. అందులో దొరనూ, దొర పాలేరునూ కలిపి మూట కట్టారు. ఆ మూటలో మనం అడుగున ఉన్నాం, దొర మన నెత్తి మీద కూచున్నాడు.

అట్లాగని ఆదివాసీ సంఘాల మిత్రులకు చెప్పాల్సిన మాట మింగేసుకుని కూచోం. ముందు వరసలో ఉన్నారు, వినండి. ఎస్సీ వాడకు ఇంటి జాగా, శ్మశానానికి దారి, ఉపాధి హామీ పని మీరు సర్పంచ్‌గా ఉన్న ఊళ్ళో కూడా అడుక్కోవాల్సి వస్తే, ఆ దొర మాటకు మా కుర్రాళ్ళు చెవొగ్గటం తప్పంటే ఎట్లా? మా ఇళ్ళల్లో మీరు నీళ్ళు తాగని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఇది మైదానపు రోగం, మీకు అంటింది. వదిలించుకోవాల్సింది మీరే.

సరే, లెక్కలోకి వద్దాం. పలకా బలపం ఉందనుకోండి. ఎనిమిది వార్డుల పంచాయతీ ఒకటి గీయండి. పెసా ప్రకారం సగానికి తగ్గకుండా ఆదివాసీ వార్డులు, అంటే నాలుగు. మన జనాభాను బట్టి ఎస్సీ వార్డు ఒకటి. మిగిలినవి మూడు. ఉప సర్పంచ్ ఎన్నికలో ఆదివాసీ సభ్యులు నలుగురూ ఒక్క మాట మీద ఉండి, మన ఒక్కరూ కలిస్తే ఐదు. అవతల మూడు. ఉప సర్పంచ్ కుర్చీ షాపు యజమానికి ఎట్లా పోతుంది? పోదు. పోవాలంటే ఆ నలుగురిలో ఒకరినన్నా చీల్చాలి, మన ఒక్కరినీ కొనాలి. బడి ముందు కార్లు ఆగింది అందుకే. వార్డు మెంబరు పదవికి విలువేముంది అని మనం అనుకున్నాం. విలువ ఎంతో కార్లలో వచ్చినవాళ్ళకు తెలుసు. నామినేషను నాడు మన అభ్యర్థి డిపాజిట్టు 250 రూపాయలు. ఆ రాత్రి అదే మనిషి చెయ్యి ఎత్తడానికి ఎంత పలికిందో కొన్ని ఊళ్ళలో మీరే చెప్పారు. మేం అంకెలు చెప్పం. చెప్తే వచ్చేసారి రేటు అదే అవుతుంది.

నాలుగు, ఒకటి, మూడు అన్నది మేం పలక మీద వేసిన లెక్క. ప్రతి ఊళ్ళో ఇట్లాగే ఉండదు. నూరు శాతం ఆదివాసీ ఊళ్ళు ఉన్నాయి, 2018లో గూడేలూ తండాలూ కొత్త పంచాయతీలయ్యాయి, అక్కడ ఈ గొడవ వేరుగా ఉంటుంది. మీ ఊరి లెక్క మీరు వేసుకోండి. ఏ ఊళ్ళోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే. మన వార్డు చెయ్యి ఎటు లేచింది?

ఏకగ్రీవం గురించి కూడా ఒక మాట. ఊరంతా ఒక్కటై ఎన్నుకున్నారని పేపర్లో ఫొటో వేస్తారు. కూచుని మాట్లాడుకుని మంచి మనిషిని పెట్టుకున్న గూడేలు ఉన్నాయి, లేవనం. కానీ గుడికి ఇన్ని లక్షలిస్తానన్నవాడికి పదవి అనేది ఏకగ్రీవం కాదు, వేలం. ఆ వేలంపాటకు మనల్ని పిలవరు, ఆ గుళ్ళోకీ పిలవరు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మన పల్లె గురించి చెప్పింది చాలామంది పెద్దలకు ఈనాటికీ మింగుడు పడలేదు. ఊరు అంటే ఒక్క మనసు కాదని, అందులో వాడలు ఉన్నాయని ఆయనకు పుస్తకాల్లో తెలియలేదు, ఒంటి మీద తెలిసింది.

ఫలితం మనకు అనుకూలంగా వస్తే ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలి. తమిళనాడులో మదురై దగ్గర మేలవళవు అని ఒక ఊరు. 1996లో ఆ పంచాయతీ అధ్యక్ష పదవి దళితులకు రిజర్వయింది. నామినేషను వేసినవాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు, ఓట్ల పెట్టెలు ఎత్తుకుపోయారు. అయినా మురుగేశన్ నిలబడి గెలిచాడు. 1997 జూన్ 30న కలెక్టరాఫీసుకు పోయి బస్సులో తిరిగొస్తుంటే, బస్సు ఆపి, ఆయనతో పాటు ఇంకో ఐదుగురిని నరికి చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి లాంటి ఊళ్ళలో పదేళ్ళ పాటు దళితుణ్ణి ఆ కుర్చీలో కూచోనివ్వలేదు. 2006లో గానీ సరైన ఎన్నిక జరగలేదు. అక్కడ కత్తితో చేసిన పని ఇక్కడ చెక్కుబుక్కుతో చేస్తున్నారు. నెత్తురు కారదు గనక పేపర్లో రాదు.

ఇక ఈ భద్రాచలం పట్టణం సంగతి. ఇక్కడ 2013లో పంచాయతీ ఓట్లు పడ్డాయి. 2018 ఆగస్టులో గడువు అయిపోయింది. ఆ తర్వాత 2019 జనవరిలో రాష్ట్రమంతా ఓట్లు పడితే ఇక్కడ పడలేదు. ఎందుకంటే దీన్ని మున్సిపాలిటీ చేస్తామన్నారు. ఏజెన్సీలో మున్సిపాలిటీ చెయ్యాలంటే పార్లమెంటు చట్టం కావాలి. 2001లో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. కాదని తెలిసీ ఆ మాట పట్టుకుని ఊగారు. 2022 డిసెంబర్‌లో మూడు పంచాయతీలుగా చీలుస్తామని జీవో ఇచ్చారు. జనం రోడ్డెక్కారు. చివరికి మళ్ళీ ఒకే పంచాయతీ చేసి 2025 డిసెంబర్‌లో ఎన్నిక పెట్టారు. మధ్యలో ఏడేళ్ళకు పైగా ప్రత్యేకాధికారి పాలన. 2011 జనాభా లెక్కల్లోనే 50 వేలమంది ఉన్న ఊరు ఇది. ప్రతి శ్రీరామనవమికీ రాములవారి పెళ్ళికి ముత్యాల తలంబ్రాలు తప్పకుండా తెచ్చే ప్రభుత్వానికి, ఐదేళ్ళకోసారి ఓట్ల పెట్టె తేవటం మాత్రం గుర్తుకు రాలేదు.

పంచాయతీ లేకపోతే ఏం నష్టం, ఆఫీసరు చూసుకుంటాడు కదా అనేవాళ్ళు 2022 జులై గుర్తు చేసుకోండి. గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత వరద అదే. కరకట్ట పక్క కాలనీలు మునిగాయి. మునిగిన కుటుంబానికి పది వేలు అని ముఖ్యమంత్రి ఇక్కడికొచ్చి ప్రకటించి పోయాడు. ఎవరిల్లు మునిగిందో జాబితా రాయాలి. ఎవరు రాస్తారు? చుట్టుపక్కల ఊళ్ళలో కనీసం తిట్టడానికి ఒక వార్డు మెంబరు ఉన్నాడు, గుంజుకుని తీసుకొచ్చి నీళ్ళల్లో నిలబెట్టడానికి ఒక సర్పంచ్ ఉన్నాడు. ఈ పట్టణంలో ఒక్కడు లేడు. కిరాయికుండే కూలోడి పేరు రాయాలా, ఇంటి ఓనరు పేరు రాయాలా అని అడిగితే జవాబు చెప్పే మనిషి లేడు. చెత్త సంగతీ అంతే. చుట్టూ ఉన్న ఊళ్ళు 2014లో ఆంధ్రకు పోయాయి. పోసుకోవటానికి జాగా లేదు. చెత్త ఎత్తేది ఎవరు? మనోళ్ళే. పారిశుధ్య కార్మికుల జీతం, చేతులకు తొడుగులు, చెత్త ఎక్కడ పొయ్యాలి అన్న మాట, ఇవన్నీ ఎన్నికైన పంచాయతీ మీటింగులో బల్ల గుద్ది అడగాల్సినవి. బల్లే లేదు ఏడేళ్ళు.

ఇప్పుడు బల్ల వచ్చింది. గెలిచినవాళ్ళు దాని మీద ఏం చెయ్యొచ్చో చెప్పటానికి కొంచెం దూరం పోతాం, ఓపిక పట్టండి. మనల్ని ఏలిన ఇంగ్లండులో కూడా పంచాయతీల్లాంటివి ఉన్నాయి. బరో కౌన్సిళ్ళంటారు. లండన్ తూర్పున పాప్లర్ అని ఒక బరో. ఓడరేవు కూలీలు ఉండే పేదపేట. 1919 ఎన్నికల్లో అక్కడ 42 సీట్లలో 39 లేబర్ పార్టీ గెలిచింది. ఫలితం వచ్చిన రాత్రి వాళ్ళూ మనలాగే ఎగిరి ఉంటారు. కానీ తర్వాత చేసింది చూడండి. కౌన్సిల్ కార్మికులకు వారానికి నాలుగు పౌండ్ల కనీస కూలి పెట్టారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా ఇచ్చారు. పని దొరకనివాళ్ళకు సాయం పెంచారు. డబ్బు చాలలేదు. చాలకపోవటానికి కారణం ఉంది. అక్కడ ఇంటి పన్ను మీద బరో నడవాలి. పేదపేటలో ఇళ్ళ విలువ తక్కువ, అవసరం ఎక్కువ. ధనవంతుల పేటలో ఇళ్ళ విలువ ఎక్కువ, అవసరం తక్కువ. అయినా పేదోడి బరో కూడా లండన్ కౌంటీకీ పోలీసులకూ వాటా కట్టాలి. 1921లో పాప్లర్ కౌన్సిలర్లు, "ఆ వాటా కట్టం, మా పేదల కోసమే ఖర్చు పెడతాం" అన్నారు. కోర్టు పిలిచింది. మేయరు దండధారి ముందు నడవగా, వెనక వేలాదిమంది జనంతో కోర్టుకు నడిచిపోయారు.

30 మంది కౌన్సిలర్లను జైల్లో పెట్టారు. అందులో ఐదుగురు ఆడవాళ్ళు, ఒకామె నిండు గర్భిణి. వాళ్ళ నాయకుడు జార్జ్ లాన్స్‌బరీ. జైల్లోనే కౌన్సిల్ మీటింగులు పెట్టారు. ఆడవాళ్ళను వేరే జైలు నుంచి బండిలో తీసుకొచ్చి మీటింగులో కూచోబెట్టాల్సి వచ్చింది సర్కారుకు. ఆరు వారాలకు విడిచిపెట్టారు. ధనవంతుల పేటలు కూడా పేదపేటల భారం మొయ్యాలని చట్టం మార్చారు. లాన్స్‌బరీ కోడలు మిన్నీ కూడా జైలుకు పోయింది. 1922 జనవరి ఒకటిన న్యుమోనియాతో చనిపోయింది. 32 ఏళ్ళు.

వాళ్ళు దొరల దేశపు వాళ్ళు, మనకేం పోలిక అనొచ్చు. వాళ్ళకు 39 సీట్లు ఉన్నాయి, మనకు ఒక వార్డు ఉంది, అది నిజం. పోలిక బలంలో కాదు. గెలిచాక బీరువా తెరిచి లెక్క చూశారు, ఈ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది, ఎవరికి పోతుంది అని అడిగారు. మన పంచాయతీల్లో మినిట్స్ పుస్తకం మీద కోరం కోసం వేలిముద్ర వేసి, టీ తాగి లేచి రావటమే మెంబరు పని అని నేర్పారు. దళిత మెంబరును గుమ్మం పక్కన స్టూలు మీద కూచోబెట్టే ఊళ్ళు ఉన్నాయి. ముందు కుర్చీ అడగండి. కుర్చీ తర్వాత పుస్తకం అడగండి.

గెలిచిన మన వార్డు సభ్యులు ఇక్కడ కొంతమంది ఉన్నారు. మీరు ఒక్క చెయ్యే. కానీ ఆదివాసీ సర్పంచ్ పక్కన ఆ చెయ్యి ఉంటే, ఆమె బాకీదారు కాకుండా సర్పంచ్‌గా ఉండే దారి దొరుకుతుంది. ఆమె సంతకం పెట్టబోయే చెక్కు దేనికో ముందు మీకు చదివి వినిపించమనండి. చదవటం రాకపోతే మీ పిల్లలు వస్తారు, మా బడి పిల్లలే. పెట్టుబడి కోసం షాపు మెట్లు ఎక్కకముందు గ్రామసభలో చెప్పమనండి. ఈ పని ఇప్పుడు వద్దు, ముందు నిధులు రానీ అని గ్రామసభ తీర్మానం రాసి ఇస్తే, కలెక్టరుకు చూపటానికి ఆమె చేతిలో ఒక కాగితం ఉంటుంది. పెసా కింద గ్రామసభకు ఉన్న బలం చిన్నది కాదు. భూసేకరణకు ముందు సంప్రదించాల్సింది గ్రామసభను. చిన్నతరహా ఖనిజాలకు సిఫార్సు చెయ్యాల్సిందీ, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చెయ్యాల్సిందీ గ్రామసభా, పంచాయతీలే. వడ్డీకి అప్పిచ్చే ఉప సర్పంచ్ ఉన్న ఊళ్ళో ఆ మాట ఒకసారి పైకి చదివితే చాలు, ఎవరి ముఖం ఎట్లా మారుతుందో చూడొచ్చు.

ఓడిపోయినవాళ్ళు కూడా వచ్చారు. సంతోషం. గ్రామసభకు గెలవాల్సిన పని లేదు, ఓటరు జాబితాలో పేరుంటే చాలు. 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. మీ ఊళ్ళో ఎప్పుడు పెట్టారో, నిజంగా పెట్టారో, పెట్టినట్టు రాసుకున్నారో కనుక్కోండి.

అటు పక్క చింతచెట్టు కింద బల్ల వేసి ఉంది. భోజనాల లోపు ఊరికొకరు పోయి నాలుగు సంగతులు రాయించండి. సర్పంచ్ ఎవరు, ఉప సర్పంచ్ ఎవరు, ఏం పని చేస్తాడు, ఆయనకు చేతులెత్తిన వార్డులు ఏవి. ఎస్సీ వార్డు సభ్యుల పేరు, ఫోను నంబరు వేరే పుస్తకంలో రాస్తున్నారు. ఎటపాక, కూనవరం వాళ్ళు 2021 లెక్క రాయించండి. బస్సు రెండున్నరకు, చర్ల వాళ్ళు ముందు రాయించుకోండి.